పోగుకి సంతకం ఉండదు

స్త్రీవాద సాహిత్య విమర్శ నేతని నెత్తిన పెట్టుకుంది. వడుకుని పట్టించుకోలేదు. మాట కొంచెం కటువుగా ఉంది గానీ, గత పాతికేళ్ళ సమీక్షలు ఒకసారి తిరగేసి చూడండి. కథలో పడుగుపేకల అల్లిక, నవలలో కలనేత, కవిత్వంలో నేతపనితనం. ఆ పడుగూ పేకా ఎక్కణ్ణించి వచ్చాయో ఎవరూ అడగరు. మగ్గం దగ్గరికి అవి వాటంతటవే నడిచొచ్చినట్టు రాస్తాం.

దీనికి చరిత్ర ఉంది. టెక్స్ట్ అన్న మాట నేయడం అనే అర్థమున్న లాటిన్ క్రియ నుంచి పుట్టిందని ఎం.ఏ. మొదటి ఏడాదిలోనే చెప్తారు. 1974లో ఆలిస్ వాకర్ తన తల్లుల సృజన ఎక్కడుందో వెతుకుతూ, వాషింగ్టన్ మ్యూజియంలో వేలాడుతున్న ఒక బొంత ముందు ఆగింది. కుట్టింది అలబామాకి చెందిన పేరు తెలియని నల్లజాతి స్త్రీ. 1986లో నాన్సీ మిల్లర్ సాలీడుగా మారిన అరాక్నే కథలోంచి స్త్రీల రచనని చదివే పద్ధతినొకదాన్ని తయారుచేసింది. అదే ఏడాది ఎలేన్ షోవాల్టర్ గుడ్డముక్కలు కలిపి కుట్టడాన్నీ అమెరికన్ రచయిత్రుల కథనాన్నీ పక్కపక్కన పెట్టి చదివింది. ఈ ముగ్గురి దగ్గరా నేర్చుకున్నదాన్ని నేను. వాళ్ళ రుణం కాదనను. కానీ ముగ్గురూ ఎంచుకున్నది పూర్తయిన వస్తువుని. బొంతకి రంగుల పొందిక ఉంది, అరాక్నే గుడ్డ మీద బొమ్మలున్నాయి. అంటే వాటిని 'చదవొచ్చు'. దారంలో చదవడానికేముంది? మొదటి గజం ఎలా ఉందో వందో గజమూ అలా ఉంటేనే అది మంచి దారం. వడికిన మనిషి ఆనవాలు ఎంత తక్కువ కనపడితే పని అంత గొప్పది. రచయిత్రి సంతకాన్ని వెతికే విమర్శకి ఇలాంటి పని కంటికి ఆనదు.

హోమర్ హెలెన్‌నే చూడండి. ఇలియడ్ మూడో సర్గలో ఆమె మగ్గం మీద తన కోసం జరుగుతున్న యుద్ధాన్నే ఊదారంగు వస్త్రంలో నేస్తుంటుంది. ప్రాచీన వ్యాఖ్యాతల దగ్గర్నుంచీ దాన్ని కవి తన కావ్యానికి పెట్టుకున్న ప్రతిబింబంగా చదువుతూ వచ్చారు. ఒడిస్సీ నాలుగో సర్గలో అదే హెలెన్ ముందు దాసీలు బంగారు కర్రా, చక్రాలున్న వెండి బుట్టా తెచ్చి పెడతారు. కర్రకి ముదురురంగు ఉన్ని చుట్టి ఉంటుంది, బుట్టనిండా వడికిన పోగు ఉంటుంది. ఇక్కడ నేను చదివిన వ్యాఖ్యానాలు ఆ వెండిబంగారాల దగ్గరే ఆగిపోయాయి, లేదంటే ఆమె మళ్ళీ బుద్ధిగా సంసారంలో పడిందన్నాయి. నేస్తే కవి, వడికితే ఇల్లాలు! మాట్లాడడం మగవాళ్ళ పని, నువ్వు లోపలికెళ్ళి నీ పని చూసుకో అని టెలిమాకస్ తల్లి పెనెలొపితో అనే ఘట్టాన్ని 2017లో వచ్చిన చిన్న పుస్తకంలో మేరీ బియర్డ్ మళ్ళీ చర్చకి తెచ్చింది. కొడుకు తల్లిని పొమ్మన్నది రెండు పనిముట్ల దగ్గరికి. ఒకటి మగ్గం, రెండోది వడికే కర్ర. పెనెలొపి మగ్గం గురించి గ్రంథాలు పేరుకున్నాయి. ఆ రెండోదాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

ఈ గ్రీకు ఇళ్ళలోంచి నన్ను తెలంగాణ పల్లెకి నడిపించింది గొంగడి. తెలంగాణ పాటలో, వచన కవితలో గొంగడి ఒక ప్రతీకగా ఎలా స్థిరపడిందన్న దాని మీద రెండేళ్ళ క్రితం పని మొదలుపెట్టాను. భుజాన గొంగడి, చేతిలో కర్రతో గద్దర్ వేదిక మీద నిలబడిన రూపం 2023లో ఆయన పోయాక కూడా మన కళ్ళలోంచి పోలేదు. ఆ గొంగడిని శ్రమ జెండా అన్నారు, పశువుల కాపరి రాజముద్ర అన్నారు. ఒప్పుకుంటాను. సామెతల్లోనూ గొంగడి పుష్కలంగా ఉంది. ఎక్కడ వేసిన గొంగడి అక్కడే ఉంటుంది, గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరుతుంటాం. కప్పుకున్నవాడున్నాడు, పరుచుకున్నవాడున్నాడు, ఏరేవాడున్నాడు. నేను పోగేసిన పాటల్లో, కవితల్లో నేసినవాడు కూడా నాలుగైదు చోట్ల కనిపించాడు. ఆ ఉన్నిని వడికిన కురుమ స్త్రీ మాత్రం దొరకలేదు. ఒక సదస్సులో ఈ సంగతి చెప్తే, పెద్దాయనొకరు 'నేత కళ అమ్మా, వడుకు వట్టి చాకిరీ, దాంట్లో సాహిత్యానికి పనికొచ్చేదేముంది' అన్నారు. ఆ చాకిరీని నా చేతుల్తో చేసి చూడాలనిపించింది.

సిద్దిపేట వైపు ఒక ఊళ్ళో డెబ్భై దాటిన కురుమ అవ్వ దగ్గర, చలికాలం మూడు నెలలు శనాదివారాలు వడకడం నేర్చుకున్నాను. మొదట్లో మేడం అనేది. రెండోవారానికి బిడ్డా అంది. నల్ల దక్కనీ గొర్రె ఉన్ని ముతకగా ఉంటుంది. ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తారు. పల్లేరుకాయలు, ఎండిన పెంట, గడ్డిపరకలు ఏరి, దులిపి, పాయలు విడదీసి ఏకాలి. ఏకగా ఏకగా మెత్తటి చుట్ట వస్తుంది. దాన్నే పత్తి విషయంలో ఏకు అంటాం. ఏకులా వచ్చి మేకులా తయారయ్యాడన్న సామెతలో ఉన్నది ఇదే. మా విద్యార్థుల్లో ఒక్కరికీ ఏకు అంటే ఏమిటో తెలీదు, సామెత మాత్రం అందరికీ వచ్చు. అన్నట్టు, నూలు అంటే మనకి పత్తిదారమే. ఉన్ని పోగుకి పుస్తకభాషలో అలాంటి సొంత మాట లేదు, ఉన్నిదారం అని అతికించుకోవాల్సిందే.

కుడిచేత్తో రాట్నం తిప్పాలి. ఎడమచేత్తో ఉన్నిని వదులుతూ వెనక్కి లాగాలి. కదురు మొనకి ఏటవాలుగా పట్టుకుంటే తిరిగిన ప్రతిసారీ పోగు మొన మీంచి జారుతూ ఒక్కో పురి ఎక్కుతుంది. చాలినంత పురి ఎక్కాక చెయ్యి పక్కకి తెచ్చి కదురుకి అడ్డంగా పెడితే వడికినంత మేరా చుట్టుకుంటుంది. మళ్ళీ మొనకి రావాలి. చెప్పడానికి ఇంతే. పురి చాలకపోతే పోగు చేతిలోనే విడిపోతుంది. ఎక్కువైతే మెలికలు తిరిగి తనని తనే చుట్టుకుంటుంది. పురికి ఒక గుణముంది. సన్నగా ఉన్నచోటికే ముందు పరిగెడుతుంది, లావుగా ఉన్నచోట ఎక్కనే ఎక్కదు. అందుకని లావు భాగాన్ని వేళ్ళతో మెల్లగా సాగదీసి పురికి దారివ్వాలి. ఇది కంటితో అయ్యే పని కాదు. 'గట్ల గుంజకు బిడ్డా. కండ్లతోని చూస్తె తెల్వది, ఏలుకు తెలుస్తది' అనేది అవ్వ. పోగు తెగితే రెండు కొసలనీ కాస్త విప్పి, ఒకదాని మీద ఒకటి పరిచి తిప్పితే అతుక్కుంటుంది. ముడి అక్కర్లేదు.

ఎక్కడా ముడి లేదు, మొదట్నుంచి చివరిదాకా వచ్చే ఒక్క వెంట్రుకా లేదు. అయినా అది దారం. దారం బలం పొడవునా సాగే ఏ ఒక్క పోగులోనో ఉండదనీ, ఒకదాని మీద ఒకటి ఒరుసుకుంటూ పోయే అనేక పోగుల్లో ఉంటుందనీ తత్వవేత్త విట్గెన్‌స్టైన్ ఒక పోలిక చెప్పాడు. దాన్ని చాలాసార్లు చదివాను. వేళ్ళ మధ్య జిడ్డుగా జారుతున్నప్పుడు గానీ అది పోలిక కాదని, ఉన్నదున్నట్టు చెప్పిన పని వివరమని అర్థం కాలేదు. తెలుగు రచయిత్రుల చరిత్ర రాసేటప్పుడు మనం పడే బాధ కూడా ఇక్కడ గుర్తొచ్చింది. మొల్లకీ ముద్దుపళనికీ మధ్య, ముద్దుపళనికీ బండారు అచ్చమాంబకీ మధ్య ఖాళీలున్నాయనీ, సంప్రదాయం తెగిపోయిందనీ వాపోతుంటాం. ముద్దుపళని పుస్తకాన్ని 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ మళ్ళీ అచ్చువేయించడమంటే తెగిన కొస విప్పి ఇంకో కొస మీద పరచడమే కదా. దాన్ని సంపాదకత్వం అంటాం, రచన అనం.

ఒకరోజు దండెం మీదున్న పాత గొంగడి చూపించి ఎవరిదవ్వా అనడిగాను. 'మా ఆయిన నేసిండు. నేను ఉత్తగ వడికిన' అంది. ఆ ఉత్తగ అన్న మాట దగ్గర నా పరిశోధన అంతా ఆగింది. తెలంగాణలో ఉత్తగ అంటే ఊరికే అని, ఏ లెక్కా లేకుండా అని, పైసా తీసుకోకుండా అని కూడా. ఒక్క గొంగడికి మగ్గం మీద ఎన్ని దినాలు, రాట్నం కాడ ఎన్ని దినాలు అనడిగితే, మగ్గానికి రోజులు చెప్పింది, రాట్నానికి వారాలు చెప్పింది. చెప్పాక తనే నవ్వింది. ఇంగ్లండులోనూ వడికే యంత్రాలు రాకముందు ఒక మగ్గాన్ని ఆగకుండా నడపాలంటే కనీసం నలుగురు వడకాల్సి వచ్చేదని ఆర్థిక చరిత్రకారులు లెక్కగట్టారు. అయినా గొంగడి 'ఆయిన'ది.

మన విశ్వవిద్యాలయాల్లో ఇది లేదా? ప్రముఖుల ముందుమాటల చివరి పేరాలు చదవండి. సాఫు ప్రతి రాసిచ్చిన అర్ధాంగికి, ప్రూఫులు దిద్దిన కోడలికి, ఆకరాలు సేకరించిన విద్యార్థినికి. సోఫియా టాల్‌స్టాయ్ 'యుద్ధము-శాంతి'ని మళ్ళీ మళ్ళీ సాఫు చేసింది. ఇది చదువుతున్నవాళ్ళలో ఎంతమంది ఎవరి పుస్తకాలకి ఉత్తగ వడికారో నేను అడగను.

ఈ పని ఒంటి మీద ఏం మిగులుస్తుందో కథలకి తెలుసు. క్రీస్తుపూర్వం ఒకటో శతాబ్దపు రోమన్ కవి కటుల్లస్ ఒక పెళ్ళి కావ్యంలో విధిదేవతల్ని వర్ణిస్తూ, పోగు నున్నగా రావడానికి పంటితో కొరికి తీసేసిన ఉన్ని తునకలు వాళ్ళ ఎండిన పెదాలకి అంటుకుని ఉన్నాయంటాడు. ఎవరో ఒక ముసలమ్మ వడుకుతుంటే దగ్గర కూర్చుని చూడకపోతే ఆ వాక్యం రాదు. గ్రిమ్ సోదరుల సేకరణలో ముగ్గురు వడికే ఆడవాళ్ళ కథ ఉంది. పని అంటే ఇష్టంలేని పిల్లకి రాణి మూడు గదులనిండా అవిసె నార ఇచ్చి, ఇది వడికితే నా కొడుకునిచ్చి చేస్తానంటుంది. ముగ్గురు స్త్రీలు వచ్చి వడికిపెడతారు. ఒకామె పాదం చదునుగా వెడల్పయిపోయింది, ఒకామె కింది పెదవి గడ్డం దాకా వేలాడుతోంది, ఒకామె బొటనవేలు బల్లపరుపయిపోయింది. పెళ్ళికొడుకు కారణం అడిగితే తొక్కి తొక్కి అని ఒకామె, తడిపి తడిపి అని ఒకామె, మెలిపెట్టి మెలిపెట్టి అని ఒకామె చెప్తారు. అయితే నా భార్య జన్మలో రాట్నం ముట్టుకోదు అంటాడతను. దీన్ని బద్ధకస్తురాలి అదృష్టం అనే హాస్యకథగా చెప్తారు. నాకందులో వృత్తిరోగాల పట్టిక కనిపించింది. రాకుమారుడి జాలి శ్రమ మీద కాదు, తన భార్య అందం మీద. ఆ ముగ్గురూ పెళ్ళిభోజనం చేసి ఎక్కడికెళ్ళారో కథ చెప్పదు. మళ్ళీ రాట్నాల దగ్గరికే వెళ్ళుంటారు. మా అవ్వ ఎడమచేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చర్మం తోలులా గట్టిపడి ఉంది. చలికి ఆ వేళ్ళు పొద్దున్నే వంగవు.

ఈ పని స్త్రీలదే ఎందుకయింది? 1970లో జుడిత్ బ్రౌన్ అనే మానవశాస్త్రవేత్త ఒక జవాబిచ్చింది. 1994లో ఎలిజబెత్ వేలాండ్ బార్బర్ 'విమెన్స్ వర్క్' అనే పుస్తకంలో ఆ జవాబుని ఇరవైవేల ఏళ్ళ చరిత్రకి విస్తరించింది. పిల్లల్ని చూసుకుంటూ చేయగలిగిన పని, ప్రమాదం లేనిది, మధ్యలో ఆపి మళ్ళీ మొదలుపెట్టగలిగినది కాబట్టి స్త్రీలకి దక్కిందని వాదన. బార్బర్ పుస్తకం నాకు చాలా ఇష్టం, పురాతన దారపు ముక్కల్ని ఆమెలా చదివినవాళ్ళు అరుదు. కానీ వాదన నాకు సగమే ఎక్కింది. రాట్నం మధ్యలో ఆపొచ్చు, నిజమే. ఎడమచెయ్యి మళ్ళీ ఆ పట్టు దొరకబుచ్చుకోవడానికి పట్టే సమయం ఏ లెక్కలోకొస్తుంది? అవ్వ ఒక గంటలో ఆరుసార్లు లేచింది. మనవడికి అన్నం, కోళ్ళకి గింజలు, ఎవరో పిలిచారు, కరెంటు పోయింది. ఆపగలగడం పని గుణమా, ఎప్పుడంటే అప్పుడు ఆమెను ఆపే హక్కు అందరికీ ఉండడమా? టిలీ ఆల్సెన్ 1978లో 'సైలెన్సెస్'లో రచయిత్రుల గురించి అడిగింది కూడా దాదాపు ఇదే. తల్లి అయిన మనిషికి ధ్యాస కాదు, అంతరాయమే అలవాటవుతుందంది. కథానిక ఆడవాళ్ళకి అనుకూలమైన ప్రక్రియ, వంట మధ్యలో రాసుకోవచ్చు అని తెలుగులో ఇప్పటికీ మెచ్చుకోలుగా అనేవాళ్ళున్నారు.

వడికే స్త్రీ తానుగా మాట్లాడిన పాఠం ఏదైనా ఉందా అని వెతికితే, గొంగడి నుంచి, తెలుగు నుంచి కూడా దూరం పోవాల్సొచ్చింది. 1828లో 'సమాచార్ దర్పణ్' అనే బెంగాలీ పత్రికలో శాంతిపురానికి చెందిన ఒక వితంతువు ఉత్తరం అచ్చయింది. ఆమె పత్తి వడికేది. చిన్న వయసులోనే ముగ్గురాడపిల్లలతో మొగుణ్ణి పోగొట్టుకుంది. తకిలీ పట్టింది, రాట్నం తిప్పింది. నేతగాళ్ళు ఇంటికొచ్చి నూలు కొనుక్కుపోయేవాళ్ళు, ముందుగా డబ్బు కూడా ఇచ్చేవాళ్ళు. ఆ డబ్బుతో మామగారి శ్రాద్ధం పెట్టింది, ముగ్గురికీ లోటులేకుండా పెళ్ళిళ్ళు చేసింది. ఇప్పుడు విలాయతీ నూలొచ్చింది, తన నూలు అడిగేవాళ్ళు లేరు. ఉత్తరంలో నన్ను కుదిపిన చోటొకటుంది. విలాయతీ వాళ్ళంతా ధనవంతులనుకునేదాన్ననీ, తనకంటే పేద ఆడవాళ్ళు అక్కడ ఉన్నారని ఇప్పుడు తెలిసిందనీ అంటుందామె. అంత కష్టపడి వడికిన నూలుని అంత చౌకగా సముద్రం దాటించారంటే వాళ్ళకెంత ఇబ్బందో అని. యంత్రం సంగతి ఆమె ఊహలో లేదు. దారం కనపడితే అవతల ఒక ఆడమనిషి ఉన్నట్టే లెక్క ఆమెకి. దీన్ని అమాయకత్వం అని కొట్టిపారేయడం తేలిక. దారంలో మనిషిని చదివిన పాఠకురాలు, నాకు తెలిసి, ఆవిడ ఒక్కతే. కలం పట్టింది ఇంకెవరైనా కావచ్చు. తులాల లెక్కా, నూలు తీసుకుని నేతగాళ్ళిచ్చిన మర్యాదా మాత్రం వడికిన మనిషికే తెలుస్తాయి.

ఆ తర్వాత నూరేళ్ళకి దేశమంతా రాట్నం తిప్పింది కదా, అప్పుడైనా గుర్తింపు రాలేదా అంటారేమో. వచ్చింది, పత్తికి. ఎవరూ వాడకుండా మూలపడ్డ రాట్నాన్ని బరోడా సంస్థానంలోని విజాపూర్‌లో వెతికిపట్టింది గంగాబెన్ మజుందార్ అనే వితంతువు. గాంధీ ఆత్మకథలో ఈ సంగతి ఒప్పుకున్నాడు. 1924 డిసెంబరు బెల్గాం కాంగ్రెస్‌లో సభ్యత్వానికి రుసుముగా నెలకి 2,000 గజాల నూలు పెట్టారు. స్వయంగా వడికినదే ఉండాలి. అనారోగ్యం వల్లగానీ, ఇష్టం లేకగానీ వడకనివాళ్ళు మరొకరు వడికినదైనా ఇవ్వొచ్చు! ఆ 'మరొకరు' ఇంట్లో ఎవరై ఉంటారో మీకు చెప్పక్కర్లేదు. వడకడాన్ని అప్పుడు సూత్రయజ్ఞం అన్నారు. పెద్దింటి స్త్రీలు వడికితే త్యాగమైంది. అదే కదలికతో అదే కాలంలో కురుమ వాడలో వడికింది ఇంటిపనే. యజ్ఞానికీ ఉత్తగకీ మధ్య తేడా కులం.

ఇప్పుడు ఆ ఉత్తగ కూడా పోతోంది. ఉన్ని లేని, మాంసం కోసం పెంచే నెల్లూరు గొర్రె దక్కనీ మందల్లో కలిసిపోయింది. 2017లో తెలంగాణ ప్రభుత్వం ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున పంచిన పథకం కింద పొరుగు రాష్ట్రాల నుంచి తెచ్చినవీ ఎక్కువగా అలాంటివే. సంతలో యంత్రం మీద నేసిన చవక దుప్పట్లొచ్చాక కత్తిరించిన ఉన్నిని పారబోస్తున్నవాళ్ళున్నారు. చేనేత జనాభా లెక్కల్లో నేసేవాళ్ళు ఒక వర్గం, మగ్గానికి ముందూ వెనకా పనులు చేసేవాళ్ళు 'అనుబంధ కార్మికులు'. తెలుగులో అనుబంధం అంటే మమకారం కూడా. ఎవరు అనువదించారో గానీ, జీతంలేని పనికి ఇంతకంటే సరైన మాట దొరకదు.

పోగు గుడ్డలో కలిసి మాయమైపోకుండా పోగుగానే మిగిలే చోటు ఒకటుంది. 1909లో వచ్చిన థర్‌స్టన్, రంగాచారిల సంపుటాల్లో కురుబల గురించి రాస్తూ, పెళ్ళిలో మణికట్టుకి కట్టే కంకణం పత్తిదా ఉన్నిదా అన్నదాన్నిబట్టి రెండు శాఖలున్నాయన్నారు. తెలంగాణ కురుమల్లో కూడా ఉన్ని కంకణం వాళ్ళు, పత్తి కంకణం వాళ్ళు అన్న మాటలు వినిపిస్తాయి. గొంగడిలో పేరులేని పోగు ఇక్కడ ఒక శాఖకే పేరయి కూర్చుంది. దాన్ని ఎవరి చేయి వడికింది, పెళ్ళింట్లో ఆమె ఎక్కడ కూర్చుంది, పాటేమైనా పాడిందా అన్నవి నేనిప్పుడు అవ్వ తోటివాళ్ళని అడుగుతున్న ప్రశ్నలు. వ్యాసంలో గొంగడి కవితల మీద రాసిన అధ్యాయాన్ని వెనక్కి జరిపి, దీన్ని ముందు పెడుతున్నాను.